ఆ రోజు పక్కకి తిరిగింది అందుకే

ఏమే,

పోయినసారి నన్ను రైలెక్కించడానికి వచ్చినప్పుడు నువ్వు గట్టిగా వాటేసుకోబోతే, నేను భుజం అడ్డం పెట్టి పక్కకి తిరిగాను. బండి కదిలాక నువ్వు పెట్టిన మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. "పెద్దదానివైపోయావా, పరాయిదానివైపోయావా?" అని. దానికి ఓ నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాను. జవాబు ఇప్పుడు రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా కూర్చుని చదువు.

పక్కకి తిరిగింది నొప్పికే. ఎడమ రొమ్ము అప్పటికే రాయిలా అయిపోయింది. బోర్లా పడుకోలేను, పిల్ల పరుగెత్తుకొచ్చి మీద పడితే ప్రాణం పోయినట్టుండేది. ఎనిమిదేళ్ల కిందట రొమ్ములు పెద్దగా కనపడాలని నేను లోపల సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకుంటానంటే వద్దన్న మనిషివి నువ్వొక్కదానివే. అందుకే నీకే చెప్పలేకపోయాను. "ముందే చెప్పానుగా" అంటావని భయం. నువ్వు అనవు. అనవని తెలిసినా భయమే. జబ్బు చేసి ఆపరేషన్ అయితే అందరూ అయ్యో అంటారు. కోరి చేయించుకున్నది బెడిసికొడితే మనకి మనమే అయ్యో అనుకోలేం, ఇంకెవరో అనాలని ఎలా ఆశపడతాం? నాలుగేళ్లు అలాగే నోరు మూసుకున్నాను.

సంగతేంటంటే, ఒంట్లోకి బయటి వస్తువు ఏది వెళ్లినా ఒళ్లు దాని చుట్టూ మచ్చలాంటి పొరని అల్లేస్తుంది. ఆ పొరనే క్యాప్సూల్ అంటారు. అది అందరికీ వస్తుంది, వస్తే తప్పు కాదు. కొందరిలో మాత్రం అది బిగుసుకుపోయి లోపలి ఇంప్లాంట్‌ని పిండేస్తుంది. కంటికి కనపడని సూక్ష్మక్రిములు ఇంప్లాంట్‌ని అంటిపెట్టుకుని ఉండటం, ఆపరేషన్ అయ్యాక లోపల రక్తం చేరడం ఇలాంటివి కారణాలు కావచ్చట. దీనికి బేకర్ గ్రేడ్లని నాలుగున్నాయి. ఒకటంటే మామూలుగా మెత్తగా ఉన్నట్టు. మూడంటే గట్టిపడి ఆకారం మారినట్టు. నాలుగంటే దానికి తోడు నొప్పి. నాది నాలుగు. చదువులో ఎప్పుడూ అంత గ్రేడు రాలేదు. 1962లో అమెరికాలో హ్యూస్టన్‌లో మొదటి సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారట. అరవై ఏళ్లు దాటినా ఒళ్లు దాని చుట్టూ గోడ కట్టడం మాత్రం మానలేదు చూడు.

కుడివైపుది ఇంకో కథ. అది గట్టిపడలేదు, జారింది. రొమ్ము కింది మడత దాటి ఇంప్లాంట్ దిగిపోయి, నిపుల్ పైకి చూస్తున్నట్టుండేది. దీనికి తప్పు నాదే. అప్పటి సర్జన్ నాకు 300 సీసీ సైజు ఇంప్లాంట్ చాలన్నారు. నేను శాంపిల్స్‌ని బ్రాలో పెట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, 375 కావాలని పట్టుబట్టాను. నాదా పలుచటి చర్మం, ఆ బరువు ఎన్నాళ్లు మోస్తుంది? అంటే ఒకే ఆపరేషన్‌కి రెండు పక్కలా రెండు వేరు వేరు జబ్బులు. ఆ మధ్య నన్ను చూసిన ఇంకో సర్జన్ ఇదేం పట్టించుకోకుండా, "రెండూ తీసి కాస్త పెద్దవి పెడదాం, సర్దుకుంటాయి" అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన పక్కన నిలబడి నీళ్ల సీసా మూత తీస్తూ, పెడుతూ, మళ్లీ తీస్తూ.

ఇప్పుడు నాకు ఆపరేషన్ చేసిన డాక్టరావిడ దగ్గర మొదటి మాటే నాకు నచ్చింది. "ఇది ఎందుకిలా అయిందో తేలకుండా నేను కత్తి పట్టను" అంది. పాత ఆపరేషన్ కాగితాలు అడిగింది. ఇంప్లాంట్ కార్డు అని ఒకటిస్తారు, కంపెనీ, సైజు, లాట్ నంబరు అన్నీ దాని మీదుంటాయి. పెళ్లి ఫొటోల కవర్లో దొరికింది, అక్కడికెలా వెళ్లిందో! అది వెతికినన్నాళ్లూ నాకు ఒకటే టెన్షన్. 2019లో అలర్గన్ కంపెనీ గరుకు ఉపరితలం ఉండే బయోసెల్ రకం ఇంప్లాంట్లని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. గరుకువాటి చుట్టూ అరుదుగా లింఫోమా వస్తోందని తేలింది కదా. అది రొమ్ము క్యాన్సర్ కాదు, రోగనిరోధక కణాలకి వచ్చే క్యాన్సర్. పెట్టించుకున్న ఏళ్ల తర్వాత ఉన్నట్టుండి నీరు చేరి ఒకవైపు వాస్తే అనుమానించాలట. నా కార్డు మీద నున్నటి రకం అని ఉంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

ఎమ్మారై తీయిస్తే ఇంకో సంగతి బయటపడింది. ఎడమవైపుది లోపల ఎప్పుడో పగిలింది! ఇంప్లాంట్‌లో ఉండే సిలికాన్ జెల్ చిక్కగా ఉంటుంది కనక పొర లోపలే ఉండిపోయింది, నాకు తెలియనే లేదు. పెట్టించుకున్న ఐదారేళ్లకి ఒకసారి, తర్వాత రెండు మూడేళ్లకోసారి స్కాన్ చేయించుకోవాలని అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ చెబుతోంది. నేను ఎనిమిదేళ్లలో ఒక్కసారి వెళ్లలేదు. జీవితాంతం ఉంటాయనుకునే పెట్టించుకున్నాను మరి. బండికి సర్వీసింగ్ తేదీ గుర్తుపెట్టుకునే మనిషిని నేను.

అసలు రెండూ తీయించేసి హాయిగా ఉండొచ్చు కదా అంటావు. ఆవిడా అదే ముందు చెప్పింది. తీసేస్తే ఎలా ఉంటుందో కాగితం మీద గీసి చూపించింది. సాగిన చర్మం, తగ్గిన కండ, బహుశా తర్వాత పైకి లాగి కుట్టే ఆపరేషన్. వారం రోజులు ఆ కాగితం దిండు కింద పెట్టుకున్నాను. చివరికి 240 సీసీవి చాలన్నాను. నాలో ఇంకా ఆ పాత సరదా కొంత మిగిలే ఉంది, నీ దగ్గర అబద్ధమెందుకు. అన్నట్టు, ఇంటర్నెట్‌లో చదివి, పొరని ముక్కలుగా కాకుండా ఇంప్లాంట్‌తో సహా మొత్తంగా తీయమని నేను డిమాండ్ చేశాను. అది ఆ లింఫోమా ఉన్నవాళ్లకి అవసరం, పక్కటెముకలకి అతుక్కున్నచోట లాగితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉంది అంది డాక్టరావిడ. నోరు మూసుకున్నాను. 375 సీసీ పాఠం ఉంది కదా.

ఆపరేషన్ మూడు వారాల కిందట అయింది. ఎడమవైపు పొర తీసేసి, కొత్తదాన్ని ఛాతీ కండ పైన కాకుండా దాని కింద కొత్త చోట పెట్టారు. కుడివైపు ఇంప్లాంట్ కూర్చునే చోటు కిందికి జారింది కదా, దాన్ని లోపలి నుంచి కుట్టి మడతని పైకి తెచ్చారు. మొదటిసారి గంటలో అయిపోయింది, ఈసారి మూడున్నర గంటలు. పాత మచ్చలు, పలుచబడిన కండ, రక్తప్రసరణ తగ్గిన చోట్లు, అన్నీ చూసుకుంటూ చేయాలట. లోపల చేరే నీరు బయటికి రావడానికి రెండు పక్కలా డ్రెయిన్ గొట్టాలు, చివర చిన్న బుడ్లు. మా ఆయన పొద్దునా సాయంత్రం వాటిలో నీరు కొలిచి నోట్‌బుక్‌లో రాశాడు, ఏదో బ్యాంకు లెక్కల్లా తేదీ వేసి సంతకం కూడా. రోజుకి 30 మిల్లీలీటర్ల లోపుకి వచ్చాక తీసేశారు. తీసేటప్పుడు లోపల పాము పాకినట్టుంది, అంతకన్నా వర్ణించను.

ఇప్పుడెలా ఉందంటే, అందంగా లేదు. కుడిది ఎడమదాని కన్నా పైకి ఉంది, అంచు దగ్గర చిన్న నొక్కు, ఎడమ నిపుల్‌కి స్పర్శ సగమే. మూడు నెలలకి కుదురుకుంటాయి, మచ్చలు ఎర్రదనం తగ్గడానికి ఏడాది పడుతుంది అంటోంది. ఒకసారి గట్టిపడిన మనిషికి మళ్లీ గట్టిపడే అవకాశం ఎక్కువని కూడా ముందే సంతకం పెట్టించుకుంది. మొన్న స్నానానికి వెళ్లి వేలితో ఎడమవైపు నొక్కి చూసుకున్నాను. లోపలికి దిగింది. మెత్తగా! నాలుగేళ్ల తర్వాత. నీళ్లు ఆపేసి అక్కడే నిలబడిపోయాను.

చేతులు భుజాల పైకి ఎత్తకూడదు, ఆరు వారాలు బరువు పట్టకూడదు. జడ మా ఆయనే వేస్తున్నాడు, వేసిన ప్రతిసారీ ఎడమ చెవి మీదికి వస్తోంది. నువ్వు ఈ ఉత్తరం చదివి వెంటనే బయల్దేరతావని నాకు తెలుసు. అప్పుడే రాకు. వచ్చావంటే వాటేసుకుంటావు. ఇంకో మూడు వారాలాగి రా, ఈసారి పక్కకి తిరగను. కాకపోతే కుడివైపు కాస్త చూసుకో.

నీ మొండిఘటం