టర్బో కారుకు మ్యానిఫోల్డ్ మార్చే ముందు

సంపాదకులు గారికి,

నమస్కారం. టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే పరికరం) ఉన్న కార్ల పవర్ పెంచుకునే మార్గాల గురించి గత ఆదివారం మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కంపెనీ బిగించిన ప్లాస్టిక్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల పెట్టె) తీసేసి, బయట దొరికే అల్యూమినియం మ్యానిఫోల్డ్ వేయించుకుంటే బండి వెంటనే చురుగ్గా లాగుతుందని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా లేత్, సర్ఫేస్ గ్రైండింగ్ పనులు చేస్తున్నవాడిని కనుక, ఇలాంటి వాక్యాలను నమ్మిన కుర్రాళ్లు కొన్నాళ్లకు ఏ సామాను పట్టుకుని మా షాపు మెట్లెక్కుతారో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న వేసవిలో గుంటూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. 42,000 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించిన మ్యానిఫోల్డ్ తెచ్చాడు. అద్దంలా మెరుస్తోంది, వెల్డింగ్ గీతలు కూడా చూడముచ్చటగా ఉన్నాయి. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) ఆర్‌పీఎం కుదురుగా ఉండటం లేదని, రెండుసార్లు గ్యాస్కెట్ మార్పించినా ఫలితం లేదని చెప్పాడు. ఇంజన్ హెడ్‌కు ఆనే పలకను, అంటే ఫ్లాంజ్‌ను, సర్ఫేస్ ప్లేట్ మీద బోర్లించి సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. ఒక్కో సిలిండర్‌కు గాలి తీసుకెళ్లే గొట్టాన్ని రన్నర్ అంటారు. రెండో రన్నర్‌కూ మూడో రన్నర్‌కూ మధ్య 0.30 మిల్లీమీటర్ల బ్లేడు ఎక్కడా పట్టకుండా దూరిపోయింది. వెల్డింగ్ వేడికి అల్యూమినియం వంగడం మామూలే. వెల్డింగ్ పూర్తయ్యాక ఫ్లాంజ్‌ను మళ్లీ మిల్లింగ్ చేసి సమం చేయాలి. ఆ పని చేయకుండానే పాలిష్ పట్టి పెట్టెలో పెట్టి పంపారు. అలాంటి సందు ఉంటే ఐడిల్‌లో లెక్కకు రాని గాలి లోపలికి పోతుంది. బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు పీడనం) వచ్చినప్పుడు అదే సందులోంచి టర్బో కష్టపడి నొక్కిన గాలి బయటికి పోతుంది. ఇందులో గ్యాస్కెట్ తప్పేమీ లేదు.

నేను ఫ్లాంజ్ సమం చేసి ఇచ్చాను, ఐడిల్ కుదిరింది. నెల తిరక్కుండానే అదే కారు నాలుగో సిలిండర్ పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగుల గాడుల మధ్య ఉండే అంచు) విరిగి మళ్లీ ఆటోనగర్‌కే వచ్చింది. తప్పంతా మ్యానిఫోల్డ్‌దే అనను, ఆ అబ్బాయి రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పు) చేయించి బూస్ట్ కూడా పెంచించాడు. అయితే మిగతా మూడు ప్లగ్గులు గోధుమ రంగులో ఉంటే నాలుగోది తెల్లగా కాలి ఉంది. ఆ మ్యానిఫోల్డ్‌లో గాలి ఒక చివర నుంచి ప్లీనంలోకి, అంటే రన్నర్లకు గాలి పంచే పెట్టెలోకి, వస్తుంది, పెట్టె ఆకారం కూడా ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే వెడల్పు. వేగంగా వచ్చే గాలి మొదటి రన్నర్ దగ్గర మలుపు తిరగలేక నేరుగా అవతలి గోడకు కొట్టుకుని చివరి సిలిండర్‌లో ఎక్కువగా దూరుతుంది. నాలుగు సిలిండర్ల పొగా కలిసిన చోట ఉండే ఆక్సిజన్ సెన్సార్‌కు కనిపించేది సగటు మాత్రమే. సగటు బాగానే ఉన్నా ఒక సిలిండర్‌కు పెట్రోలు చాలక వేడెక్కుతుంటే దానికి తెలియదు. సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలితే పసిగట్టే నాక్ సెన్సార్ కొంతవరకు కాపాడుతుంది, కానీ రీమ్యాప్‌లో దాని మాట వినే హద్దులను కూడా సడలించారేమోనని నా అనుమానం. అందువల్ల మ్యానిఫోల్డ్ కొనేవారు హార్స్‌పవర్ ఎంత పెరుగుతుందని అడిగే ముందు, గాలి నాలుగు రన్నర్లకూ సమానంగా అందుతోందో లేదో ఫ్లో బెంచ్ (గాలి ప్రవాహం కొలిచే యంత్రం) మీద చూశారా అని అడగాలి. చూసినవారి దగ్గర ఒక్కో రన్నర్ అంకె విడిగా ఉంటుంది.

ఇక రన్నర్ పొడవు సంగతి. టర్బో ఉంటే గాలిని ఎలాగూ నెట్టి పంపుతుంది కదా, గొట్టం పొడవుతో పనేముందని చాలామంది అనుకుంటారు, మీ వ్యాసకర్త కూడా అలాగే అనుకున్నట్టుంది. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ రన్నర్‌లో ఒక పీడన అల పుట్టి ప్లీనం దాకా పోయి తిరిగి వస్తుంది. వేడి గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 360 మీటర్లు. 40 సెంటీమీటర్ల రన్నర్‌లో అల పోయి రావడానికి రెండు మిల్లీసెకన్లకు కాస్త పైన పడుతుంది, 3,000 ఆర్‌పీఎం దగ్గర ఆ వ్యవధిలో క్రాంక్ 40 డిగ్రీలు తిరుగుతుంది. తిరిగొచ్చిన అల వాల్వు మూసుకోబోయే సమయానికి అందితే మరికొంత గాలి లోపలికి నెట్టుకుపోతుంది. బూస్ట్ ఉన్నా ఈ లెక్క మారదు. పొడుగు రన్నర్ కింది, మధ్య ఆర్‌పీఎంలలో సాయపడుతుంది, పొట్టి రన్నర్ పై ఆర్‌పీఎంలలో సాయపడుతుంది. బయట దొరికే మ్యానిఫోల్డ్‌లలో ఎక్కువ భాగం పెద్ద ప్లీనం, పొట్టి రన్నర్ రకమే, ఎందుకంటే అవి పెద్ద టర్బో వేసి 7,000 ఆర్‌పీఎం పైన పరిగెత్తించే రేసు కార్లకు ఉద్దేశించినవి.

మన దగ్గర తిరిగే బండ్లు అలాంటివి కావు. 2013లో మన దేశంలో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారునే తీసుకోండి. 1.2 లీటర్ల ఆ ఇంజన్ 175 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను (లాగే బలాన్ని) 1,500 నుంచి 4,100 ఆర్‌పీఎం మధ్యే ఇస్తుంది, 105 పీఎస్ పవర్ 5,000 దగ్గరే వచ్చేస్తుంది. ఆ పైన చిన్న టర్బోకు ఊపిరి చాలదు. అలాంటి దానికి పొట్టి రన్నర్ మ్యానిఫోల్డ్ వేస్తే లాభం దొరకాల్సిన చోట టర్బో చేతులెత్తేస్తుంది, రోజూ నడిపే చోట టార్క్ తగ్గుతుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రెండో గేరులో ఈ తేడా తెలుస్తుంది, ఫోన్ యాప్‌లో చూపించే గరిష్ఠ పవర్ అంకెలో తెలియదు.

ప్లాస్టిక్ అనగానే చులకనగా చూడటం ఇంకో పొరపాటు. కంపెనీలు వాడేది గాజు నార కలిపిన నైలాన్. దానిలోంచి వేడి అంత తేలికగా ప్రవహించదు, అల్యూమినియం దానికంటే వందల రెట్లు వేగంగా వేడిని మోస్తుంది. 40 డిగ్రీల ఎండలో గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే టర్బో నుంచి బయటికి వచ్చేసరికి దాని ఉష్ణోగ్రత 130 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని ఇంటర్‌కూలర్ ఎంతో శ్రమపడి చల్లార్చి పంపితే, హెడ్ వేడికి కాలిపోతున్న అల్యూమినియం పెట్టెలో మళ్లీ వెచ్చబెట్టడం మంచిది కాదు. హైవే మీద గాలి క్షణంలో దాటిపోతుంది కనుక ఈ నష్టం అంతగా కనిపించదు. టోల్ గేటు దగ్గర పది నిమిషాలు ఆగి బయల్దేరినప్పుడు కనిపిస్తుంది. అన్నట్టు, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు 1.4 టీఎస్ఐ ఇంజన్‌లో నీటితో చల్లబడే ఇంటర్‌కూలర్ మ్యానిఫోల్డ్‌లోనే ఇమిడి ఉంటుంది. దాన్ని తీసి అవతల పెడితే ఇంటర్‌కూలర్ కూడా పోయినట్టే, ముందు బంపర్ వెనక వేరే ఇంటర్‌కూలర్, దానికి గొట్టాలు అన్నీ కొత్తగా వేయించుకోవాలి.

అయినా మార్చక తప్పని సందర్భాలు ఉన్నాయి. ఒక బార్ బూస్ట్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో తోపు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చదునైన ప్లీనం గోడ మీద 200 కిలోల బరువు పడుతున్నట్టు. కంపెనీ లెక్కగట్టిన దానికంటే బూస్ట్ బాగా పెంచితే ప్లాస్టిక్ అతుకులు విడిపోయే ప్రమాదం నిజమే. పెద్ద టర్బో వేసి రేస్ ట్రాక్ మీద నడిపేవారికి, డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) చాలక రన్నర్లలో అదనపు ఇంజెక్టర్లు పెట్టుకోవాల్సిన వారికి పోత పోసిన మంచి అల్యూమినియం మ్యానిఫోల్డ్ అవసరమే. వారైనా చదునైన గోడలకు లోపలా బయటా పక్కటెముకల్లాంటి రిబ్బులు ఉన్నాయో లేదో, గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సార్, పెట్రోలు ట్యాంకు ఆవిరి గొట్టం, క్రాంక్ కేసు పొగ గొట్టం, బ్రేక్ బూస్టర్ వాక్యూమ్ గొట్టం ఇవన్నీ బిగించుకునే చోట్లు ఉన్నాయో లేదో కొనకముందే చూసుకోవాలి. బ్రేక్ గొట్టానికి చోటు లేని మ్యానిఫోల్డ్‌ను కూడా అమ్మారు, నేనే దానికి రంధ్రం వేసి మర (థ్రెడ్) కోసి ఇచ్చాను.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పోదు కాబట్టి వాటి వెనక నల్లటి మసి గట్టిగా పేరుకుంటుంది. మ్యానిఫోల్డ్ విప్పినప్పుడు ఆ మసి గీకించి, పాత మ్యానిఫోల్డ్‌నే కొత్త గ్యాస్కెట్‌తో బిగించి, టార్క్ రెంచ్‌తో సరిగ్గా బిగువు చూసి పంపిన కార్లలో సగం మంది యజమానులు బండి కొత్తదాన్లా లాగుతోందన్నారు. దాని ఖర్చు కొత్త మ్యానిఫోల్డ్ ధరలో చిన్న భాగమే.

చట్టం గురించి మీ వ్యాసం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడితే దాని బాధ వేరు. కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడు చెప్పేదాన్ని బట్టి, అక్కడ కాలుష్యానికి సంబంధించిన ఇలాంటి విడిభాగాన్ని రోడ్డు మీద వాడాలంటే దానికి రాష్ట్ర గాలి వనరుల బోర్డు ఇచ్చిన ఆమోద సంఖ్య ఉండాలి, తనిఖీలో ఆ సంఖ్యనే చూస్తారు. మన దగ్గర కొనేవాడు అమ్మేవాడి మాట మీదే ఆధారపడాలి.

కాబట్టి ఇకమీదట ఇలాంటి సలహా అచ్చు వేసేటప్పుడు, ఏ కారుకు, ఏ టర్బోతో, ఒకే డైనో (పవర్, టార్క్ కొలిచే యంత్రం) మీద ఒకే రోజు, ఆనాటి ఉష్ణోగ్రతతో సహా మార్పుకు ముందూ తర్వాతా తీసిన గ్రాఫులు పక్కపక్కనే వేయమని వ్యాసకర్తను కోరండి. గరిష్ఠ పవర్ ఒక్కటే కాకుండా 2,000, 3,000 ఆర్‌పీఎంల దగ్గర టార్క్ ఎంతుందో కూడా పాఠకులకు కనిపించాలి. గుంటూరు అబ్బాయి కారు ఇప్పుడు కొత్త పిస్టన్లతో, తమ ఇంటి అటక మీద గోనెసంచిలో చుట్టి దాచిన పాత ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్‌తోనే తిరుగుతోంది.

ఇట్లు,
ఒక లేత్ షాపు యజమాని,
ఆటోనగర్, విజయవాడ