మా మిర్చి సొమ్ము న్యూయార్క్ ఎందుకు పోవాలి?

వరంగల్ నుంచి

ప్రధాన నోడల్ అధికారి గారికి,
ఖాతాదారుల ఫిర్యాదుల విభాగం,
బ్యాంకు ప్రధాన కార్యాలయం.

విషయం: దుబాయ్ ఎగుమతికి రూపాయి ఇన్వాయిస్ ఒప్పుకోకపోవడం, డాలర్ దారిలో సొమ్ము ఆగిపోవడం, కోతలు పడటం గురించి.

అయ్యా,

ఎనుమాముల యార్డులో మిర్చి కొని, తొడిమలు తీయించి, తాలు ఏరించి, దుబాయ్ దేరాలోని మసాలా వ్యాపారులకు పంపే చిన్న సంస్థ మాది. మీ హన్మకొండ శాఖలో చాలా ఏళ్లుగా కరెంటు ఖాతా ఉంది. ఈ సీజన్‌లో పడినంత ఇబ్బంది మేం ఇంతకుముందు ఎన్నడూ పడలేదు. శాఖలో చెప్పుకున్నా పని కాలేదు కాబట్టి మీకు రాస్తున్నాను.

సరుకు విలువను రూపాయల్లో కట్టడానికి దుబాయ్ కొనుగోలుదారు ఒప్పుకున్నారు. అక్కడి వారి బ్యాంకు కూడా సరేనంది. ఆ ప్రకారం ఇన్వాయిస్ రాయించి తెస్తే, మీ ఫారెక్స్ డెస్క్ (విదేశీ మారక వ్యవహారాలు చూసే విభాగం) అధికారి కనీసం చదవకుండానే తిరిగి ఇచ్చేశారు. ఎగుమతి అంటే డాలరేనట, రూపాయల్లో వస్తే ఈ-బీఆర్‌సీ (ఎగుమతి సొమ్ము అందిందని బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం) రాదట, ప్రోత్సాహకాలు పోతాయట. మేనేజర్ గారిని కలిస్తే, "ఈ బ్రిక్స్ కరెన్సీ గొడవలు మనకెందుకండీ" అన్నారు. బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా మొదలైన దేశాల కూటమి డాలర్‌కు బదులు తెస్తుందని చెప్పుకునే కరెన్సీ సంగతి అది. కంటైనర్ అప్పటికే ముంబై దగ్గరి నవా షేవా రేవుకు బయల్దేరింది. వేరే దారి లేక డాలర్ ఇన్వాయిస్ ఇచ్చాం.

దుబాయ్‌లో వాళ్లు సొమ్ము వేసేశారు. అది మాకు చేరలేదు. అడగ్గా అడగ్గా తెలిసిందేమిటంటే, న్యూయార్క్‌లో మీ తరఫున డాలర్లు అందుకునే కరస్పాండెంట్ బ్యాంకు దాన్ని ఆపింది. కొనుగోలుదారు సంస్థ పేరులో ఒక మాట అమెరికా ఆంక్షల జాబితాలోని ఎవరి పేరుతోనో కలిసిందట. వాళ్ల ట్రేడ్ లైసెన్సు, మా షిప్పింగ్ బిల్లు, సరుకు ఓడకెక్కిందని చూపే బిల్ ఆఫ్ లేడింగ్ అన్నీ పంపాం. సరుకు ఏమిటో, దేనికి వాడతారో రాసిమ్మంటే అదీ రాసిచ్చాం. అమ్మినవాడిది వరంగల్, కొన్నవాడిది దుబాయ్, సరుకు పోయింది అరేబియా సముద్రం మీదుగా. ఇందులో అమెరికాకు సంబంధించింది ఏమీ లేదు, ఇన్వాయిస్ మీద మీరు రాయించిన డాలర్ గుర్తు తప్ప. హన్మకొండ నుంచి కాజీపేట పోవడానికి హైదరాబాద్ తిరిగి రమ్మన్నట్టుంది మీ పద్ధతి.

ఆ సొమ్ము అక్కడ ఆగిన రోజుల్లోనే ఇక్కడ యార్డులో రైతులకు డబ్బు ఇవ్వాల్సి వచ్చింది. నర్సంపేట, పరకాల వైపు నుంచి బస్తాలు తెచ్చిన రైతు తూకం, ధర రాసిన తక్‌పట్టీ చేతిలో పట్టుకుని అడ్తి దుకాణం అరుగు మీద కూర్చుంటాడు. పురుగుమందుల దుకాణంలో ఉద్దెర ఉంటుంది, మిర్చి ఏరిన ఆడవాళ్లకు కూలి ఇవ్వాలి, బండి కిరాయి కట్టాలి. న్యూయార్క్‌లో పేరు కలిసిందని ఆయనతో ఎట్లా చెప్పమంటారు? రైతును వట్టి చేతులతో పంపలేక బయట వడ్డీకి తెచ్చి ఇచ్చాం. ఆ వడ్డీ మా మీదే పడింది.

చివరికి సొమ్ము వచ్చింది, కానీ తగ్గి వచ్చింది. ఈ చెల్లింపు గురించి బ్యాంకులు ఒకదానికొకటి పంపుకున్న స్విఫ్ట్ సందేశం కాపీ అడిగి తీసుకున్నాను. చార్జీలు ఎవరు భరించాలో చెప్పే గడిలో 'ఎస్‌హెచ్‌ఏ' అని మూడక్షరాలున్నాయి (చార్జీలు పంపినవారూ అందుకున్నవారూ పంచుకోవాలని అర్థం), దాని కింద మధ్య బ్యాంకు తీసుకున్న కోత ఉంది. ఆపైన మీ చార్జీ, దాని మీద జీఎస్‌టీ. ఇవన్నీ పోగా డాలర్‌ను రూపాయిగా మార్చిన రేటుకూ ఆ రోజు మార్కెట్ రేటుకూ మధ్య తేడా. ఈ చివరిది ఏ కాగితం మీదా చార్జీగా కనబడదు. అన్నిటికంటే పెద్దది అదే.

ఇప్పుడు మీ శాఖ చెప్పిన మాటల సంగతి. రూపాయల్లో ఇన్వాయిస్ రాసి, రూపాయల్లో సొమ్ము తీసుకునే ఏర్పాటును రిజర్వు బ్యాంకు 2022 జూలై 11 సర్క్యులర్‌తోనే తెచ్చింది. విదేశీ బ్యాంకు మన బ్యాంకులో ప్రత్యేక రూపాయి వోస్ట్రో ఖాతా తెరుస్తుంది, ఎగుమతిదారుకు అందులోంచి చెల్లింపు వస్తుంది. ఆ దారిలో వచ్చిన రూపాయలకు ఎగుమతి ప్రయోజనాలు వర్తిస్తాయని అదే ఏడాది నవంబర్‌లో కేంద్రం విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 ఆగస్టు నుంచి ఆ ఖాతాలు తెరవడానికి రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదు. అంటే ఈ-బీఆర్‌సీ రాదన్న మాట తప్పు. తెలియక అన్నారో, డాలర్ మార్పిడిలో వచ్చే ఆదాయం పోతుందని అన్నారో మీరే విచారించండి.

దుబాయ్ విషయంలో దారి ఇంకా సులువు. 2023 జూలై 15న అబుదాబిలో రిజర్వు బ్యాంకు, యూఏఈ కేంద్ర బ్యాంకు సొంత కరెన్సీల్లో చెల్లింపుల ఒప్పందం చేసుకున్నాయి. మరుసటి నెలలోనే ఇండియన్ ఆయిల్ కొన్న పది లక్షల బారెళ్ల ముడిచమురుకు ఆ పద్ధతిలో చెల్లింపు జరిగింది. చమురు కొనడానికి పనికొచ్చిన ఏర్పాటు ఎండుమిర్చి అమ్మడానికి పనికిరాదా?

దిర్హం ఎలాగూ డాలర్‌కు కట్టేసి ఉంది, ఏ దారిలో వచ్చినా ఒకటేనని మీ అధికారి వాదించారు. డాలర్‌కు 3.6725 దిర్హమ్‌లన్న లెక్క 1997 నుంచి మారలేదు, నిజమే. కానీ మేం అడిగేది దారి గురించి. డాలర్ చెల్లింపు న్యూయార్క్ బ్యాంకుల మధ్య లెక్క తేలే క్లియరింగ్ దాటి రావాలి, అక్కడి చట్టం చేతికి చిక్కుతుంది. రూపాయి, దిర్హం చెల్లింపులకు ఆ గడప తొక్కాల్సిన పని లేదు. ఇరాన్‌కు డాలర్ దారి మూసుకుపోయినప్పుడు మన దేశం యూకో బ్యాంకులో రూపాయలు జమచేసి చమురు కొన్నది, ఆ రూపాయలతోనే ఇరాన్ మన దగ్గర బియ్యం, టీ కొన్నది. ఈ అవసరం నిన్న మొన్న పుట్టింది కాదు.

బ్రిక్స్ కరెన్సీ అనేది ఇప్పటిదాకా లేనే లేదు. ఉన్నది ఆ కూటమి దేశాలు 2014లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో సంతకం చేసి పెట్టుకున్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు. దానికి మొదటి అధ్యక్షుడు మన దేశపు ప్రైవేటు బ్యాంకింగ్ నుంచి వెళ్లిన కె.వి. కామత్ గారు. యూఏఈ కూడా 2021లో అందులో చేరింది. మీ రంగం మనిషి నడిపిన పనిని గొడవ అని కొట్టిపారేయడం నాకు బాధ కలిగించింది.

డాలర్ వద్దని నేననడం లేదు. అమెరికా కొనుగోలుదారు డాలర్ ఇస్తే తీసుకుంటాం. రూపాయి దారిలోనూ చిక్కులున్నాయి. చమురు అమ్మి రష్యా పోగేసుకున్న రూపాయలు ఖర్చుకాక ఇక్కడే ఉండిపోయాయని ఆ దేశ విదేశాంగ మంత్రి లావ్‌రోవ్ 2023లో గోవాలో అన్నారు. ఒకవైపే అమ్మకాలు ఎక్కువైతే అట్లాగే అవుతుంది. దుబాయ్ సంగతి వేరు. అక్కడి వ్యాపారికి మన సరుకు రోజూ కావాలి, రూపాయి అతని దగ్గర నిలవ ఉండదు.

ఈ లావాదేవీలో మా నుంచి తీసుకున్న చార్జీలు, రేటు తేడా లెక్క రాతపూర్వకంగా ఇచ్చి, తిరిగి జమ చేయండి. రూపాయి ఇన్వాయిస్‌ను ఏ నిబంధన కింద తిరస్కరించారో ఆ నిబంధన నంబరుతో చెప్పండి. నిబంధన లేకపోతే లేదని రాయండి. మా తరువాతి సరుకు కోల్డ్ స్టోరేజీలో సిద్ధంగా ఉంది. దానికి రూపాయి ఇన్వాయిస్ తీసుకోవాలని హన్మకొండ శాఖకు ఆదేశం పంపండి, ఆ పని తెలిసిన అధికారిని ఒకరిని మాకు చూపించండి. యార్డులో మాలాంటి చిన్న ఎగుమతిదారులకు కూడా అది పనికొస్తుంది.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. ఇన్వాయిస్, స్విఫ్ట్ సందేశం, షిప్పింగ్ బిల్లు, మీ శాఖకు ఇచ్చిన అర్జీ కాపీలు జతచేశాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
ఎండుమిర్చి ఎగుమతి వ్యాపారి,
ఎనుమాముల, వరంగల్.