కాంగో జ్వరం: గోమార్లు తీసేటప్పుడు జాగ్రత్త

పశువైద్య మిత్రులందరికీ నమస్కారం. పశువుల ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్ల వల్ల సోకే క్రిమియన్-కాంగో జ్వరం మన దేశంలో మొదటిసారి 2011 జనవరిలో గుజరాత్‌లో బయటపడింది. ఆ రోగితో పాటు ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. తర్వాత పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) వాళ్లు 22 రాష్ట్రాల్లో పశువులు, గొర్రెలు, మేకల నుంచి 5,636 శాంపిళ్లు తీసి చూస్తే 354 పాజిటివ్ వచ్చాయి. కాబట్టి ఇది ఒక్క గుజరాత్ సమస్య అనుకోకండి.

నాకు టెన్షన్ ఎక్కడంటే, పశువుకు జబ్బు పైకి కనిపించదు. మేత మేస్తుంది, పాలిస్తుంది. రక్తంలో మాత్రం దాదాపు వారం పాటు వైరస్ ఉంటుంది. అందుకే పరీక్ష కోసం సీరం (రక్తం నుంచి వేరుచేసే ద్రవం) శాంపిళ్లు తీయమన్నప్పుడు వాయిదా వేయొద్దు.

పొదుగు దగ్గర, తోక మొదట్లో, చెవుల్లో పట్టిన గోమార్లను పీకి గోళ్లతో నలిపేస్తుంటారు మన రైతులు. దయచేసి మాన్పించండి, గ్లౌజులు వేసుకోమనండి. మాంసం కోసేవాళ్లకూ చెప్పండి, రక్తం తగిలినా సోకుతుంది.

పశువుల మధ్య తిరిగే మనిషికి ఉన్నట్టుండి తీవ్ర జ్వరం వచ్చి, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం కారితే వెంటనే పెద్దాసుపత్రికి పంపండి. పశువులతో పని చేస్తాడన్న సంగతి అక్కడ ముందే చెప్పించండి. నర్సులు జాగ్రత్త పడతారు. ఆ ఇంటి పశువుల వివరాలు అదే రోజు జిల్లా ల్యాబ్‌కు తెలపండి.