పరీక్షించామన్నారు సరే, ఎవరి పళ్ల మీద?

వినియోగదారుల విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ ఫ్లోరైడ్ లేని పిల్లల టూత్‌పేస్టు డబ్బా మీద ఉన్న హామీ గురించి.

అయ్యా,

మా నాలుగేళ్ల పాప కోసం అమలాపురంలో మెడికల్ షాపులో మీ పేస్టు కొన్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘పుచ్చు పళ్లు రాకుండా ఆపుతుందని పరీక్షల్లో రుజువైంది’ అని ఉంది. ఆ రుజువేమిటో పంపమని మెయిల్ పెడితే ఒక పేజీ కాగితం పంపారు. ల్యాబ్‌లో పీకేసిన పళ్ల ముక్కలకి పేస్టు రాసి, ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, ఇంకా గట్టిపడిందా లేదా అని చూశారట. అందులో పిల్లలన్న మాటే లేదు.

పీకేసిన పన్ను పూతరేకులు తినదు, రాత్రి పాలు తాగి అలాగే నిద్రపోదు. పిల్లల్లో పుచ్చు ఆగుతుందో లేదో తేలాలంటే వాళ్లని రెండు జట్లు చేసి, ఎవరు ఏ పేస్టు వాడుతున్నారో పళ్లు చూసే డాక్టరుకి కూడా తెలియనివ్వకుండా, రెండు మూడేళ్ల పాటు కొత్తగా వచ్చిన పుచ్చులు లెక్కపెట్టాలి. రెండో జట్టు వాడేది, పుచ్చుని ఆపుతుందని ఇప్పటికే తేలిన మామూలు ఫ్లోరైడ్ పేస్టు అయి ఉండాలి.

ఫ్లోరైడ్ లేనివన్నీ దండగ అని నేను అనడం లేదు. ఎనామిల్‌లో ఉండే ఖనిజమే అయిన హైడ్రాక్సీఅపటైట్‌ని పుచ్చుని ఆపే పదార్థంగా జపాన్ 1993లోనే ఒప్పుకుంది. దాన్ని చిన్నపిల్లల మీద ఏడాది పాటు పరీక్షించిన ఫలితాలు 2021లో వచ్చాయి. అక్కడ కూడా పోల్చింది 500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 500 పాళ్లు) ఫ్లోరైడ్ పేస్టుతో. పుచ్చుని ఆపుతుందని గట్టి ఆధారాలున్నది 1000 పీపీఎం, ఆ పైన ఉన్న పేస్టులకి. మీ ట్యూబు వెనక చదివితే ఆ హైడ్రాక్సీఅపటైట్ కూడా లేదు. ఉన్నవి సుద్ద పొడి, జైలిటాల్ అనే తీపి పదార్థం, వేప సారం. మరి ఏ ధైర్యంతో రుజువైందని రాశారు?

ఇంకా బాధ కలిగించింది లోపల పెట్టిన కరపత్రం. గోధుమరంగు మచ్చల పళ్ల బొమ్మ వేసి ‘ఫ్లోరైడ్ ప్రమాదం’ అన్నారు. నల్గొండ పేరు వినని తల్లి లేదు కాబట్టి అది చూస్తే ఎవరికైనా టెన్షనే. అక్కడి వాళ్లు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగారు. మా కోనసీమలో మేం తాగేది ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చే గోదావరి నీళ్లు. మూడేళ్లు దాటిన పిల్లకి బఠాణీ గింజంత, అంతకన్నా చిన్నవాళ్లకి బియ్యపు గింజంత పేస్టు పెట్టి, దగ్గరుండి ఉమ్మించమని డాక్టర్లు చెబుతున్నారు. ఆ మాట మీ కరపత్రంలో ఎక్కడా లేదు. తల్లుల్ని భయపెట్టి, పనిచేసే పేస్టు మాన్పించి మీది అమ్ముతున్నారు. పాల పళ్లు పుచ్చితే రాత్రంతా ఏడ్చేది పిల్లలు.

మన దేశంలో మనుషుల మీద చేసే క్లినికల్ పరీక్షని 2009 నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. మీరు పిల్లల మీద పరీక్ష చేసి ఉంటే ఆ నంబరు పంపండి. లేకపోతే డబ్బా మీద ఆ వాక్యం, లోపలి కరపత్రం తీసేసి, ఇప్పటికే షాపుల్లో ఉన్న సరుకు వెనక్కి తెప్పించండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. డబ్బా, బిల్లు, మీరు పంపిన కాగితం నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
ఒక తల్లి,
అంబాజీపేట