బడి నేల ముందు, రైతు తరువాత

సంపాదకులకు నమస్కారం.

అమెరికా మైదానాల తొలి వలస రైతుల గురించి ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పొలాలు కుదుటపడ్డాక చాలా కాలానికిగానీ వాళ్లకు బడి గుర్తుకు రాలేదని అందులో రాశారు. లెక్కల మాస్టారిగా ఊరుకోలేకపోతున్నాను. అక్కడ వరుస తిరగబడింది.

1785 నాటి భూచట్టమే కొత్త ప్రాంతాన్ని ఆరు మైళ్ల చదరాలుగా కొలవమంది. ఒక్కో చదరంలో 640 ఎకరాల ముక్కలు 36. వాటిలో 16వది బడికి. ఇప్పటి నెబ్రాస్కా రాష్ట్రం వంతు వచ్చేసరికి, 1854లో, 36వ ముక్కనూ బడికే కేటాయించారు. అంటే నాగలి దిగకముందే నేలలో పద్దెనిమిదో వంతు పిల్లల చదువుకు రాసిపెట్టి ఉంది.

మీ వ్యాసంలో డేనియల్ ఫ్రీమన్ ఉన్నారు. సాగు చేసుకునేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చే హోంస్టెడ్ చట్టం అమలైన తొలిరోజే, 1863 జనవరి 1న, 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టిన మనిషి. అక్కడితో ఆయన్ని వదిలేశారు. అసలు కథ ఆ తరువాతే ఉంది.

మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు నెబ్రాస్కాలోని బియాట్రిస్ పట్టణం పక్కన ఆయన పొలం చూశాను. ఇప్పుడది జాతీయ పార్కు. దానికి దగ్గర్లోనే 1872లో కట్టిన ఫ్రీమన్ బడి ఉంది. ఎర్ర ఇటుకల గోడలు, ఒకటే గది. 1967 దాకా అందులో పాఠాలు నడిచాయట. ఏకోపాధ్యాయ పాఠశాలలో పదకొండేళ్లు పనిచేసినవాణ్ని కనుక నా కళ్లు ముందు నల్లబల్ల మీదకే పోయాయి. ఒక తరగతికి లెక్క ఇచ్చి, రెండోదానికి పద్యం అప్పగించి, మూడోదాని అల్లరి ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆ బడిలో టీచరు బైబిలు చదివించి, ప్రార్థన చేయిస్తున్నారని ఫ్రీమన్ అభ్యంతరం చెప్పారు. బడి కమిటీ టీచరు పక్షాన నిలిచింది. ఆయన కోర్టుకెక్కారు. కింది కోర్టులో ఓడినా, 1902లో నెబ్రాస్కా సుప్రీంకోర్టు ఆయన మాటే నిలబెట్టింది. దేశ అత్యున్నత న్యాయస్థానం ఆ దారికి రావడానికి 1963 దాకా పట్టింది. ఇరుగుపొరుగు అంతా ఎరిగినవాళ్లే అయిన చిన్న పల్లెలో సొంత బడి మీద దావా వేయడానికి ఎంత మొండితనం కావాలి! 160 ఎకరాల దరఖాస్తుకన్నా నాకు ఈ దావాయే పెద్దదిగా తోచింది.

మరో సవరణ. ఫొటో కింద 'ఖాళీ మైదానం' అని వేశారు. ఫ్రీమన్ పొలం ఉన్న కౌంటీలోనే (మన జిల్లా లాంటిది) దక్షిణాన ఓటో-మిజోరియా ఆదివాసీ తెగవారికి కేటాయించిన నేల ఉండేది. 1881లో వాళ్లను ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. రెండో భాగం వేసేటప్పుడు ఆ శీర్షిక మార్చగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు