'గ్రాండ్ జాట్' ప్రింట్ కొన్నవాళ్లకి

ఈ వేసవిలో మా దగ్గర 'గ్రాండ్ జాట్' కాన్వాస్ ప్రింట్ తీసుకున్నవాళ్లందరికీ నమస్కారం. అదేనండి, నది ఒడ్డున పార్కులో జనం గొడుగులు వేసుకుని సేదతీరుతుంటారు, కుడివైపు ఒకావిడ కోతిని తాడుతో పట్టుకుని నిలబడి ఉంటుంది, ఆ బొమ్మ. మీకిచ్చిన ప్రింట్లలో రెండు తప్పులున్నాయి. రెండూ మావే.

పోయిన వారం ఒక డ్రాయింగ్ టీచర్ గారు తన ప్రింట్ వెనక్కి తెచ్చారు. అసలు చిత్రం షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఆ మ్యూజియం వాళ్ల ఫొటోని ఫోన్లో తీసి పక్కన పెట్టి, "ఎండ పడిన గడ్డి చూడండి, మీది నిమ్మపండు రంగులో ఉంది. మధ్యలో పాప తెల్లగౌను కూడా నీలం తిరిగింది" అన్నారు. నిజమే. "కొంచెం బ్రైట్‌గా పెట్టు, గోడ మీద కళగా ఉంటుంది" అని మా కుర్రాడికి చెప్పింది నేనే.

అలా చెప్పడానికి నా దగ్గర ఒక కారణం ఉండేది. ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సెరా దీన్ని 1884లో మొదలుపెట్టి, 1886లో పారిస్‌లో చూపించాడు. గడ్డి మీద ఎండ కోసం జింక్ యెల్లో అనే కొత్త రంగు చుక్కలు పెట్టాడు. ఆ పసుపు కొన్నేళ్లకే గోధుమరంగులోకి దిగిపోయింది. మొదట్లో మెరిసేది కదా, మనం మెరిపిస్తే తప్పేముంది అనుకున్నాను. కానీ పాడైంది ఆ పసుపు, అది కలిసిన రంగులు. మేము మొత్తం బొమ్మ రంగులన్నీ పెంచేశాం. దాంతో ముందువైపు చల్లటి నీడ పోయింది. ఆ నీడలో కూర్చున్నవాళ్ల వల్లే కదా అది వేసవి అని తెలిసేది! నాకు బాధగా ఉన్నది అందుకే.

రెండోది అంచు. 1889లో సెరా కాన్వాస్‌ని మళ్లీ బిగించి, చుట్టూ ఎరుపు, నారింజ, నీలం చుక్కలతో సన్నటి అంచు వేశాడు. మేము కాన్వాస్‌ని చెక్క బద్దల మీద లాగి పిన్నులు కొట్టేటప్పుడు ఆ అంచంతా పక్కలకు మడిచేశాం. అది ఫ్రేమ్‌కి వేసిన డిజైన్ అనుకున్నాం, చూసుకోలేదు.

ఇప్పుడు మ్యూజియం ఫొటోని రంగులు ముట్టుకోకుండా కొట్టిస్తున్నాం. మడతకి చుట్టూ రెండంగుళాల తెల్ల కాన్వాస్ వదులుతున్నాం. పాతది తీసుకొస్తే కొత్తది ఊరికే ఇస్తాం, బిల్లు లేకపోయినా పర్వాలేదు. పాతదే నచ్చిందంటే ఉంచేసుకోండి. వానలకి పైకోటింగ్ ఆరడం లేటవుతోంది, పది రోజులు టైమివ్వండి.

12×18 సైజు మాత్రం ఆపేస్తున్నాం. అసలు చిత్రం దాదాపు పదడుగుల వెడల్పు. బొమ్మంతా చిన్న చిన్న రంగు చుక్కలే, దాన్ని పద్దెనిమిది అంగుళాలకి దించితే చుక్కలన్నీ కలిసిపోయి అలికినట్టు ఉంటుంది. ఆ సైజు కొన్నవాళ్లకి డబ్బు వాపసు, లేదా 24×36కి తేడా మాత్రం కట్టండి.

టీచర్ గారి కొత్త ప్రింట్ కౌంటర్ వెనక గోడకి ఆరుతోంది. మీది తెచ్చి దాని పక్కన పెట్టి చూసుకోండి, ఆ తర్వాత ఏది కావాలో చెప్పండి.