సైటేషన్ల లెక్కతో డాక్టర్ల పరిశోధనను తూచవద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఒక వైద్య కళాశాల లైబ్రరీలో ముప్పై ఏళ్లు పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. చివరి పదేళ్లలో డాక్టర్లు పుస్తకం కోసం నా దగ్గరికి వచ్చింది తక్కువ. "మేడమ్, నా సైటేషన్లు ఎన్నో చూసి ప్రింట్ తీసివ్వండి" అని వచ్చిందే ఎక్కువ. ప్రమోషన్ ఫైల్లో పెట్టాలి, అవార్డు దరఖాస్తులో రాయాలి. ఒకరి పేపర్‌ను మిగతావాళ్లు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారన్నదే ఈ లెక్క. ఒకరి పేపర్లనూ వాటి సైటేషన్లనూ కలిపి ఒకే అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్ కూడా దాన్నుంచి తీసేదే. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దాన్ని ప్రతిపాదించారు.

ఒకరోజు ఇద్దరికి వరసగా ప్రింట్లు తీశాను. ఒకరు ఫోరెన్సిక్ మెడిసిన్ ప్రొఫెసర్. పురుగుమందు తాగి చనిపోయినవారి పోస్ట్‌మార్టం రిపోర్టులు ఏళ్ల తరబడి మా రీడింగ్ రూమ్‌లోనే కూర్చుని చదివి, లాంగ్ నోట్‌బుక్‌లో చేత్తో గళ్లు గీసుకుని రాసిన పేపర్ ఆయనది. సైటేషన్లు తొమ్మిది. రెండోవారు కార్డియాలజీలో చిన్న వయసు డాక్టరు గారు. చాలా దేశాల్లో జరిగిన ఒక మందు ట్రయల్‌కి మా పేషెంట్ల వివరాలు పంపారు, పొడవాటి రచయితల జాబితాలో ఎక్కడో ఆయన పేరుంది. సైటేషన్లు వందల్లో ఉన్నాయి. ఆయన కష్టాన్ని తక్కువ చేయను. కానీ పెద్దాయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "ఇది ఫైల్లో పెట్టి తీరాలా మేడమ్?" అని అడిగిన గొంతు నేను మర్చిపోలేను.

గుండెజబ్బు మీద, క్యాన్సర్ మీద ప్రపంచమంతా రాస్తుంది కాబట్టి అక్కడ సైటేషన్లు కుప్పలుగా పడతాయి. అనాటమీ, ఫోరెన్సిక్ లాంటి విభాగాల్లో రాసేవాళ్లే తక్కువ. మన ప్రాంతపు జబ్బులదీ అదే పరిస్థితి. ఉద్దానంలో కవిటి, సోంపేట పల్లెల కిడ్నీ జబ్బు మీద మంచినీళ్లు, మట్టి, రక్తం నమూనాలు పట్టుకుని తిరిగే డాక్టర్ పేపర్‌ను విదేశాల్లో ఎంతమంది ఉదహరిస్తారు? అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ ఉందని 1937లో రాసినవాళ్లు సైటేషన్లు చూసుకునే రాశారా?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, భాస్వరం కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్‌ను వేలసార్లు ఉదహరించారు. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు కొంతకాలం ఉపశమనం దొరికిందని 1948లో అమెరికా డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రచురించారు. కీమోథెరపీకి దారి తీసిన పేపర్లలో అదొకటి. దాని రచయితల్లో సుబ్బారావు గారి పేరు లేదు. ఈ లెక్క ప్రకారం ఆ పేపర్‌కు పడిన సైటేషన్లలో ఒక్కటీ ఆయనకు రాదు!

ఇంకో సంగతి. తప్పని చెప్పడానికి ఉదహరించినా అది సైటేషనే. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ పేపర్‌ను లాన్సెట్ వైద్య పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. దాన్ని ఖండిస్తూ ఉదహరించినవన్నీ దాని సైటేషన్ల లెక్కలోకే వెళ్లాయి.

కేంద్ర విద్యాశాఖ కాలేజీలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో సైటేషన్లకు మార్కులున్నాయి, అందుకే యాజమాన్యాలు డాక్టర్ల మీద ఒత్తిడి పెడతాయి. ఓపీ ముగించుకుని, రాత్రి డ్యూటీ చేసి, ఆపైన ఈ టెన్షన్. "నా పేపర్ సైటేషన్ మీరు వేయండి, మీది నేను వేస్తాను" అని లైబ్రరీలో నా బల్ల ముందే మాట్లాడుకున్నవాళ్లున్నారు.

సెలక్షన్ కమిటీలకు నా విన్నపం ఇదే. అభ్యర్థినే తన మంచి పేపర్లు మూడు ఇమ్మనండి. ఆ స్పెషాలిటీ తెలిసినవారితో చదివించండి. అంకె చూడక తప్పదంటే అదే విభాగంలోనివారితో పోల్చండి, తన పేపర్లను తానే ఉదహరించుకున్న సైటేషన్లు తీసేయండి. ఆ ఫోరెన్సిక్ ప్రొఫెసర్ గారి పేపర్ ఏడు పేజీలే. చదవడానికి అరగంట పడుతుంది.

— వైద్య కళాశాల విశ్రాంత లైబ్రేరియన్, విశాఖపట్నం